బంతి చూడందే మార్కులు లేవు

మార్కాపురం బాలసుబ్రహ్మణ్యానికి ఒకటే పిచ్చి. ఎక్కడ తయారైన కంప్యూటర్ అయినా సరే, ఎంత పేరున్న ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అయినా సరే, దాని సంగతి తేల్చాలంటే ఆయన అందులో పెళ్ళి భోజనాలు చూడాలి. తాళి కట్టడం చూడడు. తలంబ్రాలు చూడడు. పెళ్ళికూతురి నగలు, పెళ్ళికొడుకు సూటు, ఆకాశంలోంచి గులాబీలు రాలే గ్రాఫిక్సు, ఇవేవీ ఆయనకు పట్టవు. కుర్చీ ముందుకు లాక్కుంటాడు, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుంటాడు, "బంతి పెట్టబ్బాయ్" అంటాడు. జనం వరసగా కూర్చుని తింటున్న బంతి తెర మీద కనపడితే తప్ప ఆయన చేతిలో బలపం కదలదు.

అవును, బలపమే. ఆయన మార్కులు వేసేది పలక మీద. దేశంలో సగం మందికి అక్షరాలు దిద్దించింది మా మార్కాపురం పలకేనని ఊళ్ళో ఎవరిని కదిలించినా చెబుతారు. ఇప్పుడు పిల్లలకు పలకలెక్కడివి? ఊళ్ళో ఇంకా పలక పట్టుకుని తిరిగే మనిషి ఈయనొక్కడే మిగిలాడు. గుడ్డసంచిలో పలక, చొక్కా జేబులో బలపం. నూటికి ముప్పై అయిదు వస్తే పాస్. ఆ ముప్పై అయిదు తెచ్చుకున్న మిషను మార్కాపురంలో గానీ, కంభంలో గానీ, గిద్దలూరులో గానీ ఇంతవరకూ పుట్టలేదు.

నీకెందుకయ్యా ఈ పెత్తనం అని ఎవరూ అడగలేరు. ఊళ్ళోకి మొదటి వీడియో కెమెరా తెచ్చింది ఆయనే. నీళ్ళబిందెంత కెమెరాను భుజానికెత్తుకుని క్యాసెట్ల కాలంలో ఈ పడమటి ఊళ్ళన్నీ తిరిగి పెళ్ళిళ్ళు తీశాడు. భుజం నొప్పి వచ్చాక కెమెరా దించేసి, మెయిన్ బజారులో తాతల నాటి స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే గానీ, మనసు గిన్నెల మీద ఉంటేనా. ఎక్కడ ఎవరు కొత్త కంప్యూటర్ దించారని తెలిసినా, బేరం మధ్యలో వదిలేసి పలక సంచి తగిలించుకుని బయల్దేరేవాడు.

బస్టాండు దగ్గర మిక్సింగ్ యూనిట్ నడిపే కాలేషా పని నేర్చుకున్నది ఈయన దగ్గరే. పెళ్ళి వీడియోలను కత్తిరించి, అతికించి, పాటలు కలిపి ఇచ్చే పనిని ఇక్కడ మిక్సింగ్ అంటారు. అందుకే బాలసుబ్రహ్మణ్యం పిచ్చిని మిగతా ఊరు దూరం నుంచి చూసి నవ్వుకుంటే, కాలేషా పక్కన కూర్చుని భరించాడు. మామా అని పిలిచిన పాపానికి ఆ మాత్రం తప్పదు కదా.

రాష్ట్రం రెండైన కొత్త. అంతకుముందు ఏం కావాలన్నా హైదరాబాదు బస్సెక్కేవాళ్ళు. ఇప్పుడది పక్క రాష్ట్రమైపోయింది. బిల్లులు వేరు, పన్నులు వేరు. దాంతో విజయవాడ డీలర్లకు హఠాత్తుగా మార్కాపురం మీద ప్రేమ పుట్టింది. అట్లా వచ్చిన ఒక డీలరు, టై కట్టుకున్నవాడు, కాలేషా యూనిట్‌లోనే కంప్యూటర్ పెట్టి ఊళ్ళో మిక్సింగ్ వాళ్ళందరికీ డెమో చూపించాడు. తెర మీద సముద్రం, చిలకలు, మంచు కొండలు. నీటి చుక్కను కూడా లెక్కపెట్టొచ్చు సార్ అంటున్నాడు. అందరూ నోళ్ళు తెరిచారు. బాలసుబ్రహ్మణ్యం శ్రద్ధగా చూసి చూసి అడిగాడు.

"బాగుండాది నాయనా. ఈళ్ళు భోజనాలకి ఎప్పుడు కూర్చుంటారు?"

"సార్, అది సముద్రం సార్."

"అయితే ఏంది? సముద్రం పక్కన పెళ్ళిళ్ళు కావా?"

డీలరు టై సర్దుకునేలోపు పలక మీద గుండ్రంగా సున్నా పడింది.

గిద్దలూరు యల్లయ్య అనుభవం ఇంకో రకం. ఆయనకూ అక్కడ పెద్ద మిక్సింగ్ యూనిటే ఉంది. మోజుపడి కొత్త మానిటర్ కొని, అట్టపెట్టె విప్పకుండా ఆటోలో వేసుకుని మార్కాపురం తెచ్చాడు. బాలసుబ్రహ్మణ్యం బంతి పెట్టించాడు. వడ్డించేవాళ్ళ బకెట్లను ఒక్కొక్కటే ఆపి ఆపి చూశాడు. ఇందులో సాంబారు ఏది, రసం ఏది అని అడిగాడు. యల్లయ్య చెప్పలేకపోయాడు. సాంబారుకు, రసానికి తేడా తెలియని మానిటర్‌లో మనుషుల రంగు ఏం తెలుస్తుందని ఫెయిల్ చేశాడు. తినేటప్పుడు కూడా నాకు తేడా తెలియదు మామా, దానికి మానిటర్ ఏం చేస్తుందని యల్లయ్య ఎంత మొత్తుకున్నా వినలేదు.

ఇక సీపీయూకి పెట్టే పరీక్ష చూస్తే కొన్నవాళ్ళకు ఏడుపొచ్చేది. కొత్త డబ్బాను పలకలు కోసే షెడ్డు పక్కన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిపించేవాడు. అది నల్లటి పొడి పీల్చుకుని దగ్గుతూ ఉంటే, ఈయన స్టూలేసుకుని పక్కన కూర్చునేవాడు. మన ఊర్లో కాపురం చేయాలంటే ఈ గాలి పడాల కదా, ముందే తెలిస్తే మంచిది అనేవాడు, ఏదో కొత్తకోడలి గురించి చెప్పినట్టు. ఇంత చేసి, అది బతికి బట్టకట్టినా, చివరికి మళ్ళీ బంతే. బంతిలో చివరి మనిషి మొహం సరిగా రాలేదని ఫెయిలే.

సహజంగానే ఊరు దీనికొక అర్థం చెప్పుకుంది. ఈయన తిండిపోతు. పెళ్ళిళ్ళలో ఎవరు ఏం పెట్టారో, ఎవరు లడ్డు తగ్గించారో చూసుకోవడానికే ఈ పరీక్షలన్నీ అని. వెనకాల బంతి సుబ్రహ్మణ్యం అని పేరు కూడా పెట్టారు. చిక్కేమిటంటే, మనిషి చూడబోతే ఎండిన కందికట్టె. భార్య కోటిరత్నం చెప్పే లెక్క ప్రకారం ఆయన రెండు పూటలా తినేది మజ్జిగన్నం, ఊరగాయ ముక్క. పళ్ళెంలో ఏముందో కూడా చూడడట. పైగా ఆమెకు ఇంకో కోపం ఉండేది. జీవితమంతా జనాన్ని వీడియోలు తీశాడు, ఒక్కదాంట్లోనన్నా ఈయన లేడు, నా పక్కన నిలబడి తీయించుకున్నది మా పెళ్ళిఫోటో ఒక్కటే, అందులోనూ తల దించుకున్నాడు అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

కాలేషా భార్య షహనాజ్ మాత్రం ఈ చిక్కుముడి విప్పింది. మామకు షుగరు, అందుకని కళ్ళతో తింటున్నాడు పాపం అని తేల్చింది. ఆ జాలితో, ఆయన యూనిట్‌కి వచ్చినప్పుడల్లా చక్కెర లేని సేమ్యా పాయసం చేసి పంపేది. చక్కెర లేని పాయసం ఎట్లా ఉంటుందో వేరే చెప్పాలా. ఆయనకు షుగరూ లేదు, ఏమీ లేదు. అయినా ఎందుకు పంపుతోందో అడక్కుండా, గిన్నె ఖాళీ చేసి, తల్లీ బాగుండాది అని కబురు పంపేవాడు.

ఈ పాయసాల కాలంలోనే కాలేషా ఒకసారి చంద్రశేఖరపురంలో సౌభాగ్యమ్మ అనే ఆమె ఇంటికి, మనవడి బారసాల తీయడానికి వెళ్ళాడు. గోడకు దండ వేసిన ఫోటో ఒకటి ఉంది, ఆమె అత్తగారిది. ఎవరి ఇంట్లోనైనా దండ వేసిన ఫోటో అంటే బిగుసుకుని కూర్చుని ఉంటారు. ఈ అత్తగారు మాత్రం అరచెయ్యి ముందుకు చాచి, మొహం పక్కకు తిప్పుకుని, ఎవరినో వద్దు వద్దు అంటోంది. ఇదేం ఫోటో అని అడిగితే, సౌభాగ్యమ్మ మురిసిపోయింది. మా అత్త అంతే నాయనా, ఎంత పెట్టినా చాలు చాలనేది అంది. కాలేషా ఇంటికొచ్చి షహనాజ్‌కి ఆ ఫోజు చేసి చూపిస్తే ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత కూడా ఆ పక్క ఊళ్ళలో అట్లాంటివి కనిపించాయి. ఒక ముసలాయన ఫోటోలో కింద దేనికోసమో వెతుకుతున్నాడు. ఒకావిడ బుగ్గ ఒక పక్కే ఉబ్బి ఉంది. ఆ పక్కోళ్ళకి ఫోటో దిగడం రాదు అనుకుని ఊరుకున్నాడు కాలేషా.

అట్లా ఉండగా కాలేషాకే గడ్డురోజులు వచ్చాయి. యల్లయ్య ఫెయిలైన మానిటర్‌తోనే, దానికి తోడు ఇంకో కొత్త కంప్యూటర్‌తో తళతళలాడే పెళ్ళిళ్ళు ఇస్తున్నాడు. మార్కాపురం పార్టీలు కూడా గిద్దలూరు పోతున్నాయి. మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడ్డాయి. పలకల ఫ్యాక్టరీ రాధాకృష్ణమూర్తి గారి అమ్మాయి పెళ్ళి ఆ సీజనుకంతా పెద్దది. ఆ పని చేసినవాడికి మిగతావన్నీ వాటంతటవే వస్తాయి. చేయనివాడు షట్టరు దించుకోవడమే. కాలేషా తెగించాడు. పాత సెట్టును మారుబేరానికి ఇచ్చేశాడు. ఆ టై డీలరే ఈసారి మరింత మంచి కంప్యూటర్, కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చి, వారం రోజులు వాడి చూడండి, ఆదివారం వస్తా, ఉంచుకుంటారో పంపిస్తారో చెప్పండి అని పెట్టిపోయాడు.

రాధాకృష్ణమూర్తి గారు కూడా ఆదివారమే వచ్చి చూస్తానన్నారు. ఆయన పెట్టింది ఒక్కటే షరతు. ఆ సాఫ్ట్‌వేర్లూ అవీ నాకు తెలియవు, బాలసుబ్రహ్మణ్యం పాస్ చేసిన మిషను అయితే పని నీదే, లేకపోతే గిద్దలూరుకే ఇస్తాను. జీవితంలో ఒక్క మిషనునైనా పాస్ చేయని మనిషి చేతిలో కాలేషా బతుకు పడింది.

సోమవారం పొద్దున్నే ఆయన వచ్చాడు. షెడ్డు పక్క పరీక్ష తట్టుకుంది. వీడియో తయారవుతుండగా మధ్యలో మెయిన్ ఆపితే, కరెంటు వచ్చాక ఆగినచోటి నుంచే అందుకుంది. సాంబారూ రసమూ వేరువేరుగా కనిపించాయి. కాలేషాకు ఆశ పుట్టింది. అప్పుడు బాలసుబ్రహ్మణ్యం సంచిలోంచి ఒక పాత హార్డ్ డిస్క్ తీశాడు. అందులో క్యాసెట్ల కాలంలో తాను హనుమంతునిపాడులో తీసిన పెళ్ళి ఉంది. బంతి పెట్టబ్బాయ్ అన్నాడు.

అంతే. ఆ వారమంతా ఆ సెట్టు మీద కాలేషా సొంత పని ఒక్కటీ సాగలేదు. పందిట్లో బంతి, కింద చాపలు, విస్తరాకులు. వరస చివర తలపాగా చుట్టుకున్న ఒక మనిషి. కెమెరా ఆయన దగ్గరికి వచ్చేసరికి సాంబారు బకెట్టు అడ్డం వస్తుంది. బకెట్టు జరిగేసరికి వడ్డించేవాడి మోచెయ్యి అడ్డం వస్తుంది. ఆ మధ్యలో రెప్పపాటు కాలం మొహం తొంగి చూస్తుంది, అదీ బూజుబూజుగా. బాలసుబ్రహ్మణ్యం ఆ ముక్కనే ముందుకు, వెనక్కి, ముందుకు, వెనక్కి తిప్పుతూ కూర్చున్నాడు. వెలుగు పెంచమంటాడు, తగ్గించమంటాడు. గీతలు పోయే ఉపాయం ఉందా అంటాడు. రంగు ఇంకాస్త మట్టిరంగుకు లాగమంటాడు. షహనాజ్ పంపిన పాయసం చల్లారిపోతున్నా చూడడు.

శుక్రవారం నాటికి కాలేషా ఓపిక అయిపోయింది. గురువని కూడా చూడకుండా గొంతు పెంచాడు.

"మామా, నా దుకాణం నిలవాలా వద్దా? ఆ తలపాగాయన ఏం తిన్నాడో నీకెందుకు? పాసో ఫెయిలో చెప్పు."

"ఇంకా బంతి లేవలేదు అల్లుడూ," అన్నాడాయన తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "మనం ముందు లేస్తే మర్యాద కాదు."

కాలేషా బయటికెళ్ళి టీకొట్టు దగ్గర నిలబడి, ఆయన్ని ఎన్ని తిట్టాలో అన్నీ మనసులోనే తిట్టుకుని వచ్చాడు.

ఆదివారం వచ్చింది. పొద్దున్నే బాలసుబ్రహ్మణ్యం వచ్చి, ఎట్లాగో బకెట్టుకూ మోచేతికీ నడుమ ఒక మంచి ఫ్రేము దొరకబుచ్చుకున్నాడు. మొహమంతా వచ్చింది. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత, నేను బస్టాండుకి పోయొస్తా, ఈ బొమ్మ ఇట్లనే ఉండనీ అని చెప్పి వెళ్ళాడు.

కాలేషా ఆ బొమ్మను చూసి తల పట్టుకున్నాడు. ఇంకాసేపట్లో రాధాకృష్ణమూర్తి గారు వస్తారు. కొత్త మిషను గొప్ప చూపించాల్సిన తెర మీద ఏముందయ్యా అంటే, ఒక బుగ్గ ఉబ్బి, మీసానికి తెల్లగా మజ్జిగ అంటుకుని, ఒక కన్ను మూసి నవ్వుతున్న ముసలాయన. పైగా గడ్డం మాసి ఉంది. మామ మార్కులు వేసేది ఈ మొహం చూసే కాబట్టి, దీన్నే బాగుచేస్తే రెండు పనులూ అవుతాయని తోచింది. మంచి ఆలోచనేనని ఎవరికైనా అనిపిస్తుంది. గబగబా కూర్చుని మజ్జిగ తుడిచేశాడు. బుగ్గ తగ్గించాడు. గడ్డం గీశాడు. ముడతలు చదును చేశాడు. మూసిన కన్నుకు తెరిచిన కన్నునే తిరగేసి అతికించాడు. వెనక పందిరి తీసేసి స్టూడియోలో ఉండే నీలంరంగు తెర వేశాడు. సాఫ్ట్‌వేర్ అడిగిందల్లా చేసి పెట్టింది. కాలేషా దాని వంక ప్రేమగా చూశాడు.

రాధాకృష్ణమూర్తి గారు వచ్చి కుర్చీలో కూర్చుంటూనే, ఎవరయ్యా ఈ పెద్దమనిషి, ఎమ్మెల్యేనా అని అడిగారు. చాలా బాగా వచ్చిందన్నారు. కాలేషా గాల్లో తేలిపోయాడు. డీలరు కూడా అప్పుడే దిగి, ఆ మాట విని టై బిగించుకున్నాడు. ఇక పలక మీద అంకె పడటమే తరువాయి.

బాలసుబ్రహ్మణ్యం లోపలికి వచ్చాడు. ఒక్కడే రాలేదు. ఆయన వెనక ఒక ముసలమ్మ ఉంది. హనుమంతునిపాడు బస్సు దిగి వచ్చినట్టుంది, చేతిలో గుడ్డసంచి, కాళ్ళకు దుమ్ము. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని నడిపించి, తెర ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు.

"చూడు చెన్నమ్మా. నిదానంగా చూడు."

చెన్నమ్మ ముందుకు వంగి చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. తర్వాత బాలసుబ్రహ్మణ్యం వైపు తిరిగి, తప్పేమన్నా చేశానా అన్నట్టు మెల్లగా అడిగింది.

"ఎవురు నాయనా ఈ ఆఫీసరు? మా ఇంటాయన ఏడి?"

బాలసుబ్రహ్మణ్యం కళ్ళజోడు కిందికి దించుకుని తెర చూశాడు, కాలేషాను చూశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కుర్చీలో కూలబడి, సంచిలోంచి పలక తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చెన్నమ్మకే మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు, ఇంకో మిషను వస్తుందనీ, అందులో చూద్దామనీ. ఆ మాటల్లోనే కాలేషాకు అంతా తెలిసింది. చెన్నమ్మ మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. బతికుండగా ఫోటో దిగలేదు. ఆధార్ కార్డులు అవీ రాకముందే పోయినవాడు. ఈ మధ్య మొహం గుర్తుకు తెచ్చుకుందామంటే రావడం లేదట ఆమెకు. చెంబు కొనడానికి స్టీలు దుకాణానికి వచ్చి, మాటల్లో ఆ దిగులు చెప్పుకుందట. అప్పటి నుంచి ఏ కొత్త మిషను వచ్చినా ఈయన ఆ పెళ్ళి వీడియో పట్టుకుని పరుగెత్తుతున్నాడు. ఆమెకు ముందు ఇంకొకరు. వాళ్ళకు ముందు ఇంకొకరు. మొహం ఎంత దొరికితే అంతవరకే ఫోటో చేసి ఇచ్చాడు.

చెయ్యి చాచి చాలు చాలంటున్న సౌభాగ్యమ్మ అత్తగారు కాలేషా కళ్ళ ముందు నిలబడింది. విస్తరాకులో వెతుక్కుంటున్న ముసలాయన, బుగ్గ ఉబ్బిన ఆవిడ, అందరూ వరసకట్టి వచ్చారు. వాళ్ళందరూ ఫోటో దిగడం రానివాళ్ళు కాదు, అన్నం తింటున్నవాళ్ళు.

"ఎందుకు మామా, ఎప్పుడూ బంతే?" అన్నాడు.

"మండపం మీదికి అందురూ ఎక్కరు కదా అల్లుడూ. పెద్దోళ్ళు ఎక్కుతారు, నగలున్నోళ్ళు ఎక్కుతారు. బంతిలో మాత్రం అందురూ కూచుంటారు. కెమెరా ఈళ్ళమీద పడింది ఆడొక్కచోటే."

కాలేషా మౌసు పట్టుకున్నాడు. ఇంతకుముందు వాడిన పాత సాఫ్ట్‌వేర్లలో ఒకసారి తుడిచి భద్రం చేస్తే, మామ వారమంతా దిద్ది రాబట్టిన ఆ మొహం ఇక రాదు. ఈ కొత్తదాని సంగతి అతనికి తెలియదు. గమనించుకోకుండా భద్రం కూడా చేసేశాడు. వారమంతా తన పని నిలవాలని వేడుకున్నవాడు, ఇప్పుడు ఆ ముసలాయన మీసం మీది మజ్జిగ నిలిచి ఉండాలని వేడుకున్నాడు. చేసిన పనులను ఒక్కొక్కటే వెనక్కి తీశాడు. నీలం తెర పోయింది, పందిరి వచ్చింది. ముడతలు వచ్చాయి. గడ్డం మాసింది. బుగ్గ ఉబ్బింది. ఒక కన్ను మూసుకుంది. చివరికి మజ్జిగ కూడా, ఎక్కడిది అక్కడ, మీసం మీదికి వచ్చి కూర్చుంది.

చెన్నమ్మ లేచి నిలబడింది. తెరకు బాగా దగ్గరికి వెళ్ళింది. ఆ పూట పాయసం తానే తెచ్చి లోపలి గదిలో ఉన్న షహనాజ్, ఆమె ఏడుస్తుందేమోనని పరుగున వచ్చింది. చెన్నమ్మ ఏడవలేదు. నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"మూతి తుడుచుకోమంటే ఏనాడన్నా వింటివా నువ్వు? ఊరందరి ముందర ఇట్ల కూచున్నావే."

అని, పళ్ళు లేని నోటితో నవ్వింది. కొంగు తీసి తెర మీద ఆ మీసం తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. వద్దులే, అట్లనే ఉండనీ అంది. కదిలించి చూపించమంది. కాలేషా నడిపించాడు. బకెట్టు వచ్చింది, జరిగింది. ఆయన ఆకు మీదికి వంగి, వడ్డించేవాడికి వేలెత్తి ఏదో చెప్పాడు. మళ్ళా పెట్టమంటుండాడు, కడుపా చెరువా అని మళ్ళీ మురిసింది. అట్లా ఎన్నిసార్లు తిప్పించుకుందో, ఎవరికీ విసుగు రాలేదు. షహనాజ్ టీ తెచ్చిచ్చి, పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత మొగుడి చెవిలో, మామ కళ్ళతో తింటుండాడనుకుంటిని కదా అని గొణిగింది.

ఫోటో ప్రింటు తీస్తుండగా బలపం గీసిన చప్పుడు వినపడింది. కాలేషా తిరిగి చూశాడు. పలక మీద ముప్పై అయిదు ఉంది.

డీలరు సంతోషం పట్టలేక, నీలం తెర వేసిన బొమ్మ నచ్చిందా సార్ అన్నాడు. బాలసుబ్రహ్మణ్యం తల అడ్డంగా ఊపాడు.

"చెడగొట్టేది ప్రతి మిషనూ చేస్తది నాయనా. మావోడు ఇంత చెడగొట్టినాక కూడా అసలు మొహాన్ని దాచిపెట్టి తిరిగిచ్చింది ఇదొక్కటే. అందుకు ముప్పై అయిదు. మిగతా అరవై అయిదు దేనికి పోయినాయని అడగొద్దు."

రాధాకృష్ణమూర్తి గారు ఇంతసేపూ కుర్చీలోంచి కదలలేదు. లేచి, పని నీదే కాలేషా అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, షెడ్డులో పలకలు కోసేవాళ్ళంతా పెళ్ళికి వస్తారు, వాళ్ళెవరూ మండపం దగ్గరికి రమ్మన్నా రారు, బంతి మొత్తం తియ్యి, మండపం కాస్త తగ్గినా పర్వాలేదు అన్నారు. చెన్నమ్మ ఫోటోను సంచిలో పెట్టుకోలేదు. ఎదురుగా పట్టుకుని చూసుకుంటూనే బస్సెక్కింది. టికెట్టు ఎవరికి అని కండక్టరు అడిగితే, నాకొక్కదానికే, ఈయనకి ఫ్రీ అందట.

మాఘమాసంలో పెళ్ళి ఘనంగా జరిగింది. మండపం దగ్గర ఇంకొకరిని పెట్టి, కాలేషా కెమెరాతో భోజనాల పందిట్లోకి వెళ్ళాడు. వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒక్కొక్కరి ముందూ ఆగి, తలెత్తేదాకా కాచుకుని తీశాడు. సాంబారు బకెట్టును పక్కకు జరపమని వడ్డించేవాళ్ళతో పోట్లాడాడు. షెడ్డులో పనిచేసే కరుణమ్మ సిగ్గుపడి ఆకులోకి తల దించుకుంటే, ఆమె నవ్వేదాకా కదల్లేదు. వడ్డించేవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, ఊళ్ళో రెండో తిండిపోతు తయారైనాడు అనుకున్నారు.

బంతి చివర బాలసుబ్రహ్మణ్యం కూర్చుని ఉన్నాడు. పక్కన కోటిరత్నం. అన్ని కూరలూ వద్దని, తెల్లటి మజ్జిగన్నం కలుపుకుని, దించిన తల ఎత్తకుండా తింటున్నాడు. ఎదురుగా ఎవరో ఆగినట్టు అనిపించి చూస్తే, కెమెరా. ఏనాడూ దాని వెనకాలే తప్ప ముందు నిలబడని మనిషి కదా, ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. నన్ను కాదబ్బాయ్, పక్కవాళ్ళను తియ్యి అన్నాడు. కాలేషా జరగలేదు. కోటిరత్నం ఆ అడ్డం పెట్టిన చేతిని పట్టుకుని కిందికి లాగేసింది. ఇక చేసేదేమీ లేక ఆయన బుగ్గలో ముద్ద అట్లాగే ఉంచుకుని నవ్వి, భుజం మీది తువ్వాలు అందుకున్నాడు.

"మీసం తుడుచుకోవద్దు మామా," అన్నాడు కాలేషా.